లనై దీవి బడికి హవాయి టీచరు: ప్రభుత్వ బాధ్యతా, తల్లిదండ్రుల ముచ్చటా?

విశాఖతీరం:
ఒక పాత తీర్పు గురించి చదివినప్పటి నుంచి ఈ ప్రశ్న తొలుస్తోంది. అమెరికాలోని హవాయి రాష్ట్రంలో లనై అనే దీవి ఉంది. జనాభా మూడు వేల పైచిలుకు, ప్రభుత్వ బడి ఒక్కటే. అక్కడికి కాపురం వచ్చిన ఒక తల్లి తన పిల్లలకు అక్కడి మూలవాసుల భాష అయిన హవాయి మాధ్యమంలో చదువు కావాలంది. టీచరు దొరకలేదని విద్యాశాఖ చేతులెత్తేసింది. ఆమె కోర్టుకెక్కింది. అలాంటి చదువు అందుబాటులో ఉంచడానికి సహేతుకమైన ప్రయత్నాలన్నీ చేయడం రాజ్యాంగరీత్యా ప్రభుత్వ విధి అని 2019 ఆగస్టులో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. నా అనుమానం సూటిగా అడుగుతాను. ఇళ్లలో దాదాపు ఎవరూ మాట్లాడని భాషలో లెక్కలూ సైన్సూ చెప్పించడం ప్రజల డబ్బుతో చేయవలసిన పనేనా?

లెక్కల మాస్టారు:
జిల్లా పరిషత్ బడుల్లో ముప్పై ఒక్క ఏళ్లు లెక్కలు చెప్పాను. మాతృభాషలో చదువు కావాలని సభల్లో గొంతు చించుకున్నవాడినే. అందుకే ఇది నాకు మింగుడుపడటం లేదు. మన వాదనకు ప్రాణం ఏమిటి? ఇంట్లో వచ్చిన భాషలో చెబితే పాఠం తలకెక్కుతుందని. అక్కడి పిల్లలకు ఇంట్లో వచ్చేది ఇంగ్లీషో, పిడ్జిన్ అనే అక్కడి కలగలుపు భాషో. అంటే హవాయి మాధ్యమం వాళ్లకు మన ఊళ్లో కాన్వెంటు లాంటిదే, బడికి వెళ్లాకే భాష నేర్చుకోవాలి. పేరు మాతృభాష, పని పరభాష.

ఓఆహు తెలుగమ్మాయి:
మాస్టారూ, నమస్కారం. పదకొండేళ్లుగా హోనొలులులో ఉంటున్నాను. మా పక్కింటి పాప హవాయి మాధ్యమం బడిలో చదువుతోంది. మీరన్నదాంట్లో సగం నిజం. ఆ పాప తల్లికి హవాయి రాదు, అమ్మమ్మకూ రాదు. ముత్తవ్వకు వచ్చేదట, కానీ పిల్లల ముందు ఆ భాషలో నోరు విప్పేది కాదట. ఎందుకు విప్పలేదన్నదే అసలు సంగతి.

హవాయి ఒక రాజ్యంగా ఉన్నప్పుడు ప్రభుత్వ బడులు మొదలైంది ఆ భాషలోనే. ఆ భాషలో వందకు పైగా పత్రికలు వచ్చాయి. 1893లో రాణి లిలియుఓకలానీని గద్దె దించారు. 1896లో కొత్త పాలకులు చేసిన చట్టం బడుల్లో ఇంగ్లీషునే బోధనా మాధ్యమం చేసింది. బడిలో హవాయి మాట్లాడినందుకు దెబ్బలు తిన్నామని చెప్పిన పెద్దలు ఎందరో. 1980ల మొదటికి ఆ భాష వచ్చిన పద్దెనిమిదేళ్లలోపు పిల్లలు యాభై మంది కూడా లేరని లెక్క తేలింది. వాళ్లలో ఎక్కువమంది నీహౌ అనే ఒక్క దీవి వాళ్లే.

కొందరు తల్లిదండ్రులు, పంతుళ్లు కలిసి న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీలను చూసి 1984లో కవాయి దీవిలోని కెకాహాలో శిశుపాఠశాల పెట్టారు. దాని పేరు పూనన లెయో, అంటే గొంతుల గూడు. బడుల్లో హవాయికి అడ్డుగా ఉన్న చట్టం 1986లో మారింది. 1987లో హిలో ఊళ్లోని కెఔకాహా బడిలో, మా ఓఆహు దీవిలోని వైఔ బడిలో ప్రభుత్వమే హవాయి తరగతులు తెరిచింది. పాఠ్యపుస్తకాలు లేవు. ఇంగ్లీషు పుస్తకాల్లో ఒక్కో వాక్యం మీద హవాయి అనువాదం రాసిన కాగితం ముక్కలు అంటించారు. ఆ అంటింపు పనిలో రాత్రుళ్లు కూర్చున్నది తల్లులూ తండ్రులే. దీన్ని ముచ్చట అంటే నేను ఒప్పుకోను.

చట్టం చదివినవాడు:
విశాఖతీరం గారూ, ఒక చిన్న చేర్పు. హవాయి భాషను ఇంగ్లీషుతో పాటు అధికార భాషగా చేసింది 1978 నాటి రాజ్యాంగ సవరణ. అదే ఏడాది చేసిన సవరణ ఆ భాష, చరిత్ర, సంస్కృతుల చదువును ప్రోత్సహించే బాధ్యత ప్రభుత్వం మీద పెట్టింది. 2019 తీర్పు కొత్తగా ఏదీ కనిపెట్టలేదు, ఆ మాటను నిజమైన మాటగా తీసుకుంది, అంతే. ఇంకొకటి, భాషను చంపినవాడే ఖర్చు పెట్టుకోవాలనడం అన్యాయమా?

పాత కాగితాలు:
"చంపినవాడు" అన్నంత తేలిక కాదు. 1896 చట్టం వచ్చేనాటికే హవాయి మాధ్యమం బడులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. తల్లిదండ్రులు అంతకుముందు నుంచే ఇంగ్లీషు బడులకు బారులు తీరారు. చట్టం తలుపు మూసింది నిజమే, కానీ ఇల్లు అప్పటికే దాదాపు ఖాళీ. ఈ కథ ఎక్కడో విన్నట్టు లేదూ?

చట్టం చదివినవాడు:
విన్నట్టే ఉంది. ఆనాడు నిధులు ఎక్కువగా ఏ బడులకు వెళ్లాయో కూడా చెప్పండి మరి. ఒక బడికి పెంకు కప్పు, మరొక బడికి తాటాకు కప్పు వేసి "జనమే ఎంచుకున్నారు" అంటే ఎలా?

విశాఖతీరం:
2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒకటి నుంచి ఎనిమిది వరకు ఇంగ్లీషు మాధ్యమం అంటూ ఇచ్చిన జీవో 81 గుర్తొస్తోంది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. మాధ్యమం ఎంచుకునే హక్కు ఉందన్నది. అదే సూత్రం లనైలో ఆ తల్లికి వర్తించాలంటే నాకు అభ్యంతరం లేదు. కానీ ఎంచుకునే హక్కు వేరు, కోరిన టీచరును ఓడెక్కించి తెచ్చివ్వమనడం వేరు.

లెక్కల మాస్టారు:
అమ్మా, నీ మాటలు రెండుసార్లు చదివాను. కాగితం ముక్కల సంగతి దగ్గర ఆగిపోయాను. మా రోజుల్లో బోర్డు మీద బొమ్మలు గీసుకుని నెట్టుకొచ్చినవాళ్లం, ఆ కష్టం తెలుసు. అయినా అడుగుతాను. ఎనిమిదో తరగతి బీజగణితం ఏ మాటలతో చెబుతారు? పరీక్ష ఏ భాషలో? రేపు కాలేజీకి వెళ్తే?

ఓఆహు తెలుగమ్మాయి:
మాటలు కట్టడానికి ఒక సంఘమే ఉంది మాస్టారూ. కంప్యూటర్‌ను లోలోఉయిలా అంటారు. లోలో అంటే మెదడు, ఉయిలా అంటే విద్యుత్తు. మన 'సంగణకం' పుస్తకంలోనే ఉండిపోయింది, పక్కింటి పాప మాత్రం ఆ మాటను మంచినీళ్లు తాగినట్టు వాడుతుంది. ఇంగ్లీషు పాఠం అయిదో తరగతిలో మొదలవుతుంది. ఇంటా బయటా ఇంగ్లీషే కదా, అది ఎక్కడికి పోతుంది? కాన్వెంటుతో పోలిక తప్పేది అక్కడే. మన పిల్లవాడికి కాన్వెంటు చుట్టూ ఉన్న తెలుగు జారిపోతుంది. ఈ పాపకు బడి దాటితే హవాయి వినిపించే చోటే ఉండదు.

పరీక్షల మీద మాత్రం మీ అనుమానం సరైనదే. చాలాకాలం ఇంగ్లీషు ప్రశ్నపత్రాన్నే అనువదించి ఇచ్చేవారు. అనువాదం కుదరక పిల్లలు తడబడుతున్నారని తల్లిదండ్రులు గొడవపెట్టారు. ఇప్పుడు హవాయిలోనే తయారుచేసిన కాఎయో అనే పరీక్ష ఉంది.

అసలు కొరత టీచర్లది. విశాఖతీరం గారూ, టీచర్లకు అదనపు సొమ్ము, వచ్చిపోవడానికి ప్రయాణ ఏర్పాటు, పూర్తికాలం దొరక్కపోతే కొద్ది గంటలకు వచ్చేవాళ్లు, ఇలాంటి దారులు వెతకమన్నది కోర్టే. ఓడెక్కించడం నా ఊహ కాదు.

పాత కాగితాలు:
డబ్బిచ్చినా అక్కడ ఉండటానికి చోటు దొరకాలి కదా. లనై భూమిలో దాదాపు 98 శాతం ఒరాకిల్ సాఫ్ట్‌వేర్ కంపెనీ స్థాపకుల్లో ఒకరైన ల్యారీ ఎలిసన్‌ది, 2012లో కొన్నారు.

లెక్కల మాస్టారు:
దీవి మొత్తం ఒకాయనదా! ఏజెన్సీలో పోస్టింగ్ వేస్తే నాకు రేషను దుకాణం వెనక గది ఇచ్చారు. ఆ గది లేకపోతే నేనూ సెలవు పెట్టేవాడినే. అమ్మా, భాష సంగతి మనం ఇంకా తేల్చుకోలేదు. అక్కడికి వచ్చే టీచరుకు అద్దె ఇల్లు ఎంత ఉంటుందో కనుక్కుని చెప్పు.