'అంతర్యుద్ధం' అని ఆ ఇంట్లో ఎవరూ అనరు

లెబనాన్ రాజధాని బేరూత్ (బీరూట్)లోని మామూలు కుటుంబాల మీద వచ్చిన ఒక లెబనాన్ నవల చదువుతూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. 1975 ఏప్రిల్‌లో మొదలై 1990 దాకా ఆ దేశంలో సాగిన అంతర్యుద్ధానికి పేరు ఆ మాట. అరబ్బీ పుస్తకాల భాషలో ఆ యుద్ధం పేరు 'హర్బ్ అహ్లియ్యా'. 'అహ్ల్' అంటే ఇంటివాళ్లు, అయినవాళ్లు. జనం నోట మాత్రం తరచూ వినిపించేది 'అల్ అహ్‌దాస్', అంటే సంఘటనలు. అంతే!

దీన్ని తెలుగులో ఏమనాలి? 'అంతర్యుద్ధం' పత్రికలకు, పాఠాలకు సరిపోతుంది. మెట్ల కింద పిల్లల్ని దాచుకున్న ముసలావిడ నోట పెడితే నప్పదు. పైగా 'ఆమెలో అంతర్యుద్ధం మొదలైంది' అని కథల్లో రాసీ రాసీ ఆ మాటను మనసు లోపలికి పంపేశాం. హిందీలో 'గృహయుద్ధం' ఉంది, మనకూ 'ఇంటిపోరు' ఉందిగా అంటే, అది ఆలుమగల తగాదాకు స్థిరపడిపోయింది. తమిళుల 'ఉళ్‌నాట్టుప్ పోర్' అర్థం తేటగా ఉంది కానీ అదీ వార్తల భాషే.

నాకు తోచిన మాట 'గొడవలు'. "గొడవలప్పుడు పుట్టాడు వీడు" అంటే ఆ ముసలావిడ గొంతు వినిపిస్తుంది. 'అల్లర్లు' అంటే పోలీసు నివేదికలా, 'కల్లోలం' అంటే పద్యంలా ఉంది.

అసలు నన్ను పట్టుకున్నది పేరు కాదు, దాని పక్కన చేరే క్రియ. యుద్ధం చేస్తారు. గొడవలు అవుతాయి. సంఘటనలు జరుగుతాయి. మొదటిదాన్లో కర్త ఉన్నాడు, మిగతావాటిలో లేడు. ఆ యుద్ధంలో ఆచూకీ లేకుండా పోయినవాళ్లు 17,000 మంది అని తరచూ చెప్పే లెక్క. వాళ్లు 'మాయమయ్యారు' అని రాయాలా, 'మాయం చేశారు' అని రాయాలా? 1991 క్షమాభిక్ష చట్టం యుద్ధకాలపు నేరాల్లో చాలావాటిని మాఫీ చేసింది. 'జరిగాయి' అన్న క్రియ కూడా దాదాపు అదే పని చేస్తోందనిపించింది.

కానీ ముసలావిడ అంటే తప్పెలా అవుతుంది? ఆమె ఏ యుద్ధమూ చెయ్యలేదు. ఆమెకు అవి నిజంగానే 'అయ్యాయి', వాన పడ్డట్టు, కరెంటు పోయినట్టు. తుపాకీ పట్టినవాడు అదే మాట అంటే దాక్కోవడం, ఆమె అంటే ఉన్నమాట. కాబట్టి ఇద్దరి నోటా 'గొడవలు' అనే ఉంచాలని నా పట్టు. అనువాదకులు ఒకచోట 'పోరు', ఇంకోచోట 'ఘర్షణలు' అని మార్చి రాస్తే ఆ తేడా పాఠకుడికి అందకుండా పోతుంది.

మాటకు అక్కడ ప్రాణమంత విలువ ఉండేది మరి. దారి కాపలా దగ్గర సాయుధులు టమాటా చూపించి ఇదేమిటని అడిగేవారట. 'బనదూరా' అంటే లెబనాన్ మనిషి, 'బందూరా' అంటే పాలస్తీనా మనిషి. మధ్యలో ఒక్క అచ్చు. ఈ ఘట్టం తెలుగు చేయాల్సి వస్తే ఆ రెండు అరబ్బీ మాటల్నీ అలాగే ఉంచుతాను, మన యాసల జంట ఏదీ వాటి చోట పెట్టను.

'గొడవలు' మరీ చిన్నబోతోందని ఎవరికైనా అనిపిస్తే, మీ ఇళ్లలో పెద్దలు అలాంటి కాలాన్ని ఏ మాటతో తలచుకుంటారో, ఏ క్రియతో ముగిస్తారో రాయండి.