టొరంటో ప్రైడ్‌లో వలంటీర్‌గా వెళ్తున్నాను, ఎలా మెలగాలి?

కొత్త కుర్రాడు:
అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం, డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర. జనవరిలో టొరంటో వచ్చాను, కాలేజీలో చదువుతున్నాను. జూన్ చివర్లో జరిగే ప్రైడ్‌కి, అంటే గే, ట్రాన్స్ మనుషుల పండుగ ఊరేగింపుకి, క్లాస్‌మేట్‌తో కలిసి వలంటీర్‌గా పేరిచ్చాను. ప్రవర్తన నియమాలు చదివి సంతకం పెట్టమని కాగితం పంపారు. ఫొటోలు, ప్రోనౌన్లు (ఎవరిని హీ అనాలి, షీ అనాలి, దే అనాలి), మీడియాతో మాట్లాడకపోవడం, ఇలా చాలా ఉన్నాయి. చదివితే అర్థమవుతోంది కానీ తీరా అక్కడ నిలబడ్డాక ఎలా ఉండాలో తెలియక టెన్షన్‌గా ఉంది. ఇలాంటి చోటికి ఎప్పుడూ వెళ్లలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

మూడు లాంతర్లు:
తమ్ముడూ, ముందు నీ స్టడీ పర్మిట్ సంగతి చూసుకో. స్టూడెంట్లకి వారానికి 20 గంటలే. వలంటీర్ అయినా పని పనే. అది దాటితే ఇంటికి పంపేస్తారు. ప్రవర్తన సంగతి తర్వాత.

పలాస జీడిపప్పు:
అన్నా, ఆ 20 ఎప్పుడో పోయింది. 2024 నవంబర్ 8 నుంచి క్యాంపస్ బయట వారానికి 24 గంటలు. కాలేజీ ఇచ్చే సెలవుల్లో అర్హత ఉన్నవాళ్లకి ఆ పరిమితి కూడా లేదు. ఇక జీతం లేని సేవని గంటల్లో కలపరు. ఒక్క మెలిక ఉంది. డబ్బు ఇవ్వకపోయినా, వేరేవాళ్లకి జీతమిచ్చి చేయించుకునే ఉద్యోగంలాంటిదైతే అది పని కిందికే వస్తుంది. ఊరేగింపులో జనాన్ని పక్కకి జరపడం అలాంటిది కాదు. భోజనం కూపన్, టీషర్టు తీసుకోవచ్చు. చేతికి డబ్బిస్తామంటే మాత్రం కాలేజీలో అడగకుండా ఒప్పుకోకు.

నాగావళి:
అడిగినదానికి ఎవరూ చెప్పట్లేదు కాబట్టి నేను చెబుతాను బాబూ. ఊరేగింపు దారిలో జనాన్ని చూసుకునే మార్షల్‌గా చాలా ఏళ్లు నిలబడ్డాను.

మనవాళ్లకి తెలుగు మొహం కనిపిస్తే చాలు, ‘ఏ ఊరు మీది, ఎవరి తాలూకా’ అని అడగాల్సిందే. అక్కడ అది అడగొద్దు. ఆ జనంలో తెలుగు మాట నీకు తప్పకుండా వినిపిస్తుంది. ఆ మనిషి టెక్కలి నుంచి వచ్చినవాడు కావచ్చు, నీ సీనియర్ కావచ్చు, మీ నాన్నగారి స్నేహితుడి కొడుకు కావచ్చు. నిన్ను చూసి పలకరిస్తే పలకరించు. చూసీ చూడనట్టు వెళ్లిపోతే నువ్వూ అలాగే ఉండు. వారం తర్వాత కాలేజీలో ఎదురుపడితే ‘ఆరోజు కనిపించావే’ అని నలుగురిలో అనకు. రాత్రి ఫోన్లో మీ అమ్మగారితో కూడా అనకు. నీకు అది కబురే. ఆ కబురు శ్రీకాకుళంలో చెవిన పడితే మధ్యాహ్నానికి ఆమదాలవలస చేరుతుంది.

ఫొటోల నియమం కూడా ఇందుకే. ఒక ఏడాది మనవైపు కుర్రాడే ఒకడు వలంటీర్ టీషర్టులో సెల్ఫీ దిగి వాట్సాప్ స్టేటస్ పెట్టాడు. వాడి వెనకాల ఇద్దరు చేతులు పట్టుకుని నిలబడి ఉన్నారు, అందులో ఒకడు తెలుగువాడు. ఆ స్టేటస్ పార్వతీపురంలో వాళ్ల మేనమామ చూశాడు. తర్వాతి సెమిస్టర్‌కి ఇంటి నుంచి ఫీజు డబ్బులు రాలేదు. సెల్ఫీ తీసినవాడు మాత్రం ‘రోడ్డు మీద తీశాను, తప్పేంటి’ అంటాడు. రోడ్డు మీద ఫొటో తీయడం ఇక్కడ నేరం కాదు, నిజమే. కానీ ఆ టీషర్టు ఒంటి మీద ఉన్నంతసేపూ నీకు జనంతో సమానంగా ఆ వీలు లేదు. వాడి టీషర్టు, బ్యాడ్జి అక్కడికక్కడే వెనక్కి తీసుకున్నారు. నువ్వు ఫోన్ జేబులోంచి తీయకపోతే గొడవే లేదు.

ఆడవేషమో మగవేషమో కట్టి ప్రదర్శన ఇచ్చే డ్రాగ్ కళాకారులు వస్తారు. ఎత్తు మడమలు, కిలోల కొద్దీ పూసలు, చెమటకి కరగని మేకప్, చూడ్డానికి భలే ఉంటుంది. బాగుందని చెప్పు, సంతోషిస్తారు. నడుం మీద చెయ్యి వేసి ఫొటో దిగడాలు, జుట్టు నిజమో కాదో ముట్టుకుని చూడడాలు వద్దు. బట్టలు లేకుండా నడిచేవాళ్లు కూడా కనిపిస్తారు. గుచ్చి చూడకు, పక్కవాణ్ని మోచేత్తో పొడిచి నవ్వకు.

ఇంకో మాట. విజయనగరం నుంచి శ్రీకాకుళం రోడ్ దాకా రైల్లో వెళ్తుంటే హిజ్రాలు ఎక్కగానే కిటికీ వైపు తిరిగి కూర్చోవడమో, పది నోటు ఇచ్చి దణ్ణం పెట్టడమో చేసి పెరిగాం మనం. ఇక్కడ ఆ రెండూ పనికిరావు. ట్రాన్స్ మనిషి నీళ్లు అడిగితే నీళ్లివ్వు. బాత్రూమ్ ఎటని అడిగితే దారి చూపించు. ఏ బాత్రూమ్‌కి వెళ్లాలో నువ్వు చెప్పకు.

నిన్ను బండి పక్కన నడిచే పనికి వేస్తే అదే అన్నిటికన్నా బాధ్యత. విజయనగరం జాతరలో పైడితల్లమ్మ సిరిమాను కదిలేటప్పుడు ముందు తాళ్లు పట్టుకుని జనాన్ని ఆపేవాళ్లని చూసే ఉంటావు, అచ్చం అదే పని. అలంకరించిన లారీ మెల్లగానే వెళ్తుంది, కానీ పిల్లలు పూసల దండల కోసం చక్రం దగ్గరికి పరిగెత్తుకొస్తారు. డ్రైవర్‌కి కింద ఏముందో కనపడదు. నువ్వు చక్రం పక్కనే నడుస్తూ కళ్లు జనం మీద పెట్టాలి. పాట వచ్చిందని గెంతొద్దు. దండలు విసరకు, చేతికి అందించు.

బోర్డులు పట్టుకుని ‘నరకానికి పోతారు’ అని అరిచేవాళ్లు ఎక్కడో మూల నిలబడతారు. వాళ్లకి కావాల్సింది వాదనే. నువ్వు మాట్లాడకు, టీం లీడ్‌కి కబురు చెయ్యి. తప్పిపోయిన పిల్లలు కనిపిస్తే వదిలి వెళ్లకు, ఒంటరిగా ఎక్కడికీ తీసుకెళ్లకు, పేరు గట్టిగా అరవకు. అక్కడే నిలబడి ఇంకో వలంటీర్‌ని పిలువు, వాకీటాకీలో చెప్పించు.

షిఫ్ట్‌కి ముందు గానీ మధ్యలో గానీ బీరు వద్దు. గంజాయి ఇక్కడ 2018 నుంచి చట్టబద్ధమే, అయినా డ్యూటీలో వద్దు. మైక్ పట్టుకుని మన యూట్యూబ్ ఛానల్ వాళ్లు వచ్చినా సరే, ‘మీడియా డెస్క్ అటు’ అని చూపించి ఊరుకో.

వంశధార:
నాగావళి గారు అన్నీ బాగా చెప్పారు. ఒక్కటే అడుగుతాను. తమ్ముడూ, నువ్వు కూడా గేవేనా, లేక రెజ్యూమె కోసం వెళ్తున్నావా? ఇంట్లో తెలుసా? మన దగ్గర ఇదంతా నేరం కదా, రేపు ఇండియా వెళ్తే ఇబ్బంది అవుతుందేమో.

రాజాం అక్క:
వంశధార గారూ, పైన అంత రాసింది చదివి కూడా మొదటి ప్రశ్నే అదా? అక్కడికి వచ్చే ఎవరినీ అడగకూడనిది సరిగ్గా మీరు ఇప్పుడు అడిగింది. తమ్ముడూ, జవాబు చెప్పక్కర్లేదు. ఇక నేరం సంగతి. 2018 సెప్టెంబర్ 6న నవ్‌తేజ్ సింగ్ జోహర్ కేసులో సుప్రీంకోర్టు ఇష్టపూర్వక స్వలింగ సంబంధాలని సెక్షన్ 377 నుంచి తీసేసింది. పెళ్లికి మాత్రం గుర్తింపు ఇవ్వలేదు, అది 2023 అక్టోబర్ 17 తీర్పు. ఇక్కడ వలంటీర్ చేశావని ఇండియాలో ఎవరూ కేసు పెట్టలేరు.

నేను సమాచార టెంట్‌లో కూర్చుంటాను కాబట్టి ఆ పని చెబుతాను. సార్, మేడమ్ అనే అలవాటు ఆ రెండు రోజులు మానెయ్. ‘హలో, ఏం కావాలి’ అంటే సరిపోతుంది. బ్యాడ్జి మీద ప్రోనౌన్ రాసి ఉంటే అదే వాడు. పొరపాటున వేరేది అంటే ఒక్క సారీ చెప్పి సరిచేసుకుని మాట కొనసాగించు. నువ్వు అయిదు నిమిషాలు బాధపడుతుంటే చివరికి వాళ్లే నిన్ను ఓదార్చాల్సి వస్తుంది. వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లకి సాయం కావాలా అని అడుగు, అడక్కుండా వెనక నుంచి తోయకు.

వంశధార:
పెద్దవాళ్లం, కుర్రాడి మంచికే అడిగాం. ఇందులో తప్పేటో!

బొబ్బిలి వీణ:
అందరూ ఊరేగింపు గురించే చెబుతున్నారు. ఇంటికొచ్చాక సంగతి ఎవరూ చెప్పలేదు. తమ్ముడూ, ఆ టీషర్టు ఎక్కడ ఆరేస్తావో ముందే చూసుకో.

నేను స్కార్‌బరోలో ఒక బేస్‌మెంట్‌లో ఉండేదాన్ని. ఓనర్లు మనవైపు వాళ్లే, పేర్లు వద్దు. ప్రైడ్ మర్నాడు టీషర్టు ఉతికి పెరట్లో తీగ మీద వేశాను. వీపు మీద ఆరు రంగుల చార, కింద వలంటీర్ అని పెద్ద అక్షరాలు. ఆవిడ పైనుంచి చూసి, ‘ఇదేటమ్మా, నువ్వు అలాంటిదానివా’ అంది. సేవకి వెళ్లానండీ అన్నాను. సాయంత్రానికి మాటలు ఆగిపోయాయి. నాలుగు రోజులకి వైఫై పాస్‌వర్డ్ మారింది. ఆ వారాంతం ఆయన మెట్లు దిగి వచ్చి, అబ్బాయి విండ్సర్ నుంచి వచ్చేస్తున్నాడు, నెలాఖరుకి ఖాళీ చెయ్ అన్నాడు. నోటి మాట చెల్లదు, కాగితం ఇవ్వండి అన్నాను. మర్నాడు ఎన్12 ఫారం (ఓనర్ సొంత వాడకానికి ఖాళీ చేయించే నోటీసు) తెచ్చాడు, తేదీ గడి ఖాళీగా ఉంది. 60 రోజులు గడువు ఇవ్వాలి, ఒక నెల అద్దె పరిహారం ఇవ్వాలి అని చెబితే, ‘మన ఊరి పిల్లవని ఇచ్చాం, మాకే రూల్స్ చెబుతావా’ అన్నాడు. ఆ రెండు నెలలూ పెరట్లో బట్టలు ఆరెయ్యలేదు. పరిహారం చేతికొచ్చాకే ఖాళీ చేశాను.

వెళ్లిన మూడు వారాలకి అదే బేస్‌మెంట్ అద్దెకి ఉందని ప్రకటన. అదే వంటగది ఫొటో, గట్టు మీద నేను మర్చిపోయిన స్టీలు గ్లాసుల స్టాండుతో సహా! అబ్బాయీ లేడు, విండ్సరూ లేదు. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి టీ5 దరఖాస్తు, అంటే అబద్ధపు కారణంతో ఖాళీ చేయించారనే ఫిర్యాదు, వేశాను. ఖాళీ చేసిన ఏడాది లోపు వెయ్యాలి అది. విచారణ దాకా పోకుండా మధ్యవర్తి దగ్గరే ఒప్పుకుని డబ్బు కట్టారు. కాబట్టి అందరూ వినండి, నోటి మాటకి ఇల్లు ఖాళీ చేయొద్దు. ఒంటారియోలో అద్దెకున్నవాళ్లని ఇలా వెళ్లగొట్టడం కుదరదు.

నాగావళి:
వీణా, నీకు కుదిరింది నీ వంటగది వేరు కాబట్టి. ఓనర్‌తో గానీ, వాళ్ల ఇంటివాళ్లతో గానీ వంటగదో బాత్రూమో పంచుకునేవాళ్లకి ఆ అద్దె చట్టం వర్తించదు. మానవ హక్కుల కోడ్‌లో ఇంటి విషయంలో ఉన్న రక్షణకీ అదే మినహాయింపు. మన స్టూడెంట్లలో సగం మంది ఉండేది అలాంటి గదుల్లోనే. ‘వెళ్లగొట్టలేరు’ అని అందరికీ చెప్పేస్తే ఎవడో ఓనర్‌తో గొడవపడి బ్యాగులతో రోడ్డు మీద నిలబడతాడు.

బొబ్బిలి వీణ:
నేను అందరికీ అని రాయలేదే.

నాగావళి:
‘అందరూ వినండి’ అనే రాశావు తల్లీ, పైకి వెళ్లి చూడు. తమ్ముడూ, నీది పంచుకునే వంటగదైతే టీషర్టు బ్యాగులో పెట్టుకెళ్లి అక్కడే వేసుకో, అక్కడే మార్చుకో. నీ క్షేమం కోసం దాచడం భయం కాదు, ఎవరికి ఎప్పుడు చెప్పాలో నీ ఇష్టం.

మూడు లాంతర్లు:
పోలీసుల సంగతి కూడా చెప్పండి. నేను అయితే డ్యూటీలో ఉన్న పోలీసుతో ఫొటో దిగి హ్యాపీ ప్రైడ్ చెప్పాను, ఎంత మర్యాదగా మాట్లాడాడో. వాళ్లని ఊరేగింపులో నడవొద్దనడం అన్యాయం.

రాజాం అక్క:
అన్యాయం అనే ముందు సంగతి ఏంటో చూడాలి కదా అన్నా. 1981 ఫిబ్రవరి 5 రాత్రి టొరంటో పోలీసులు గే మగవాళ్లు కలుసుకునే నాలుగు బాత్‌హౌస్‌ల మీద పడి దాదాపు 300 మందిని అరెస్టు చేశారు. మర్నాడు వేల మంది వీధుల్లోకి వచ్చారు, ఇక్కడి ప్రైడ్‌కి ఊపు అక్కడి నుంచే వచ్చింది. పోలీస్ చీఫ్ విచారం తెలిపింది 2016లో. అదే ఏడాది నల్లజాతివాళ్ల హక్కుల కోసం పోరాడే బ్లాక్ లైవ్స్ మ్యాటర్ వాళ్లు, ఊరేగింపులో పోలీసుల బండ్లు వద్దంటూ కూర్చుని అరగంట ఆపేశారు. 2017లో పోలీసులు యూనిఫాంతో నడవలేదు.

మూడు లాంతర్లు:
నలభై ఏళ్లు దాటిన పాత దానికి ఇప్పటి కానిస్టేబుల్‌ని అనడం ఏం న్యాయం? అప్పటికి వాడు పుట్టి కూడా ఉండడు.

రాజాం అక్క:
ఆ రాత్రి అరెస్టయినవాళ్లలో కొందరు ఇప్పటికీ వచ్చి కుర్చీ వేసుకుని ఊరేగింపు చూస్తున్నారు అన్నా. వాళ్లని అడగండి న్యాయం.

పలాస జీడిపప్పు:
మీరిద్దరూ ప్రతి జూన్‌లో ఇదే గొడవ. కుర్రాడికి కావాల్సింది ఒక్క ముక్క. బందోబస్తుకి వచ్చిన పోలీసు దారి మళ్లించమంటే టీం లీడ్‌కి చెప్పి మళ్లించు. పోలీసుల మీద నీ అభిప్రాయం టీషర్టు విప్పాక చెప్పుకో, ఎటైనా సరే.

కొత్త కుర్రాడు:
అందరికీ థాంక్స్. నాది పంచుకునే వంటగదే, వార్డెన్ సబ్‌వే స్టేషన్ దగ్గర. నాగావళి గారు చెప్పినట్టే చేస్తాను. బండి పక్కన నడిచే పనే ఇచ్చారు. ఇంకో డౌట్. ఆదివారం షిఫ్ట్ పొద్దున ఏడింటికి వేశారు. ఎలా రావాలి?

పలాస జీడిపప్పు:
ఆదివారం సబ్‌వే మామూలుగా ఎనిమిది ప్రాంతంలో గానీ మొదలవదు. దాన్ని నమ్ముకుని చాలామంది మొదటి రోజే ఆలస్యమవుతారు. 300 నంబర్ నైట్ బస్ డాన్‌ఫోర్త్, బ్లూర్ వీధుల మీదుగా వస్తుంది, అది పట్టుకుని యాంగ్ వీధి దగ్గర దిగు. శనివారం రాత్రే టైము చూసి పెట్టుకో. టోపీ, నీళ్ల సీసా తెచ్చుకో, ఇక్కడి జూన్ ఎండని తక్కువ అంచనా వెయ్యకు. బూట్లు కొత్తవి వేసుకురాకు.