అప్‌డేట్: బత్తాయి తోట ఎండిపోయాక దేవుణ్ని ఎలా నమ్మాలని అడిగాను

పోయిన ఎండాకాలం అడిగాను. నల్గొండ దగ్గర మా బోరు ఎండిపోయి, కాపు మీదున్న బత్తాయి తోట పోయింది. పూట తప్పకుండా ప్రార్థన చేసే నాన్నకే ఇలా ఎందుకని అడిగితే, బైబిల్లోని హబక్కూకు ప్రవక్త గ్రంథం చదవమని ఒకరు రాశారు. వారికి చాలా థ్యాంక్స్.

మూడే అధ్యాయాలు. ఎంతకాలం మొరపెట్టాలి, నువ్వు వినవా అంటూనే ప్రవక్త మొదలుపెడతాడు. దేవుడి జవాబు ఇంకా మింగుడుపడదు: ప్రవక్త సొంత జనాన్ని శిక్షించడానికి కల్దీయులను, అంటే బబులోనువాళ్లను, రప్పిస్తానంటాడు. మాకంటే దుర్మార్గులతో మాకు శిక్షా అని ప్రవక్త మళ్లీ నిలదీస్తాడు. అలా అడిగినందుకు దేవుడు అతణ్ని గద్దించలేదు. నాకు ఊరట దొరికింది ఇక్కడే. అడగడం అవిశ్వాసం కాదు.

చివర్లో అంజూరం పూయకపోయినా, ద్రాక్ష కాయకపోయినా, దొడ్డిలో గొర్రెలు లేకపోయినా దేవునిలో ఆనందిస్తానంటాడు. అది నాన్నకు చదివి వినిపిస్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మన బత్తాయి గూడ కలిపి చదువు బిడ్డా" అన్నాడు. కలిపి చదివాను. ఇద్దరం ఏడ్చాం.

ఎండిన చెట్లు కొట్టించి, ఆ చెల్కలో కంది వేశాం. ఎందుకిలా జరిగిందో నాకింకా తెలియదు. అప్పు తీరడానికి టైం పడుతుంది. మా కోసం ప్రార్థించేవాళ్లు దయచేసి ఆపకండి.