కార్తీక వనభోజనాల్లో చిట్టి పరుగు: వాలంటీర్లు కావాలి

అందరికీ నమస్కారం. మన టెక్సాస్ వనభోజనాల్లో భోజనాలకూ తంబోలాకూ మధ్య ఉన్న ఖాళీలో కుక్కల అజిలిటీ (అడ్డంకులు దాటుతూ పరిగెత్తే ఆట) ప్రదర్శన పెడదామని మొన్న మీటింగులో అనుకున్నాం కదా, ఆ పని నేను చూస్తున్నాను. అసలు ఈ ఆట పుట్టిందే ఇలాంటి ఖాళీలో. 1978లో లండన్‌లో క్రఫ్ట్స్ డాగ్ షోలో, కార్యక్రమాల మధ్య జనానికి విసుగు రాకుండా, గుర్రాల జంపింగ్ పద్ధతిలో అడ్డంకులు పెట్టి కుక్కలను పరిగెత్తించారు. చూసినవాళ్లకు తెగ నచ్చేసింది.

మా కుక్క చిట్టి షెల్టర్ నుంచి వచ్చిన పిల్ల, ఏ జాతో ఎవరికీ తెలియదు. అమెరికన్ కెనెల్ క్లబ్ అజిలిటీలో మిశ్రమ జాతి కుక్కలకూ చోటుంది కాబట్టి నోవిస్ (కొత్తగా మొదలుపెట్టినవాళ్ల) తరగతిలో దర్జాగా ఆడుతోంది. భుజం దగ్గర 17 అంగుళాల ఎత్తు, అంటే పోటీలో 16 అంగుళాల ఎత్తులో పెట్టిన బార్ (అడ్డకర్ర) దూకాలి. మన పార్కులో గడ్డి ఎగుడుదిగుడు కనుక ఆ రోజు 12కి మించి పెట్టను. ఎవరెంత ఈలలేసినా పెంచేది లేదు.

నాలుగు హర్డిల్స్, ఒక టన్నెల్, ఆరు వీవ్ పోల్స్ (కుక్క సందుల్లోంచి అటూ ఇటూ దూరుతూ వెళ్లే నిలువు కర్రలు), ఒక సీ-సా (పైకీ కిందికీ ఊగే పలక) మా ట్రైనింగ్ క్లబ్బు వాళ్లు ఇస్తామన్నారు. పోల్స్ దగ్గర కాస్త శ్రద్ధగా చూడమని అందరికీ చెప్పండి. 24 అంగుళాల ఎడంలో వరసగా నిలబెడతాం. మొదటి పోల్ తన ఎడమ భుజం పక్కన ఉండేలా కుక్క లోపలికి దూరాలి. చిట్టి వెళ్తుంటే నడుము అటూ ఇటూ మెలి తిరుగుతుంది, చెవులు పోల్‌కి తగిలీ తగలనట్టు పోతాయి. ఆ వేగంలో అది నా గొంతు కంటే నా భుజం ఎటు తిరిగింది, పాదం ఎటు చూస్తోంది అన్నదే గమనిస్తుంది. మనిషి ఒక్క అడుగు ఆలస్యంగా తిరిగితే కుక్క వేరే హర్డిల్ దూకేస్తుంది, ఆ తప్పు కుక్కది కాదు. సర్కస్ అనుకోకుండా, ఇద్దరూ కలిసి ఆడే ఆటగా మనవాళ్లు దీన్ని చూడాలని నా కోరిక.

సీ-సా దగ్గర మాత్రం నిశ్శబ్దం కావాలి. పలక కొస నేలకు టప్‌మని తగిలే చప్పుడుకే చాలా కుక్కలు బెదిరిపోతాయి. చిట్టికి మొదట కింద మెత్తటి పరుపు వేసి, చప్పుడు కొద్దికొద్దిగా పెంచుతూ నెలల తరబడి అలవాటు చేశాం. దానికి ఇప్పుడున్న ధైర్యం పోకూడదు. అందుకే స్పీకర్లు పిల్లల ఆటల వైపు తిప్పండి. దీపావళికి మిగిలిన టపాకాయలు ఎవరూ తేవద్దని పిల్లల తల్లిదండ్రులకు ముందే చెప్పాలి.

కావలసినవాళ్లు: పడిన బార్లు మళ్లీ పెట్టడానికి ఇద్దరు, కంచె గేటు దగ్గర ఒకరు, పొద్దున్నే గడ్డిలో ఫైర్ యాంట్ (కుట్టే ఎర్రచీమల) పుట్టలు వెతకడానికి కళ్లు చురుగ్గా ఉన్న ఒకరు. టెక్సాస్‌లో ఈ చివరి పని తప్పదు. పట్టీ లేకుండా కుక్కను వదలడానికి పార్కు ఆఫీసు అనుమతి కావాలి, పార్కు బుకింగ్ చూస్తున్న అన్నయ్య ఈ వారమే అడగాలి.

భోజనాల కమిటీ నుంచి: అక్కా, కార్తీకం కాబట్టి ఉల్లి, వెల్లుల్లి ఎలాగూ లేవు. పులిహోర, పాయసం, గారెలు. ఇంకేమైనా చూసుకోవాలా?

జవాబు: ఉల్లి లేకపోవడం మాకు పెద్ద మేలమ్మా. కానీ పాయసంలో కిస్‌మిస్ వేస్తారు కదా, అది కుక్కలకు విషం, కిడ్నీలు పాడవుతాయి. ద్రాక్షపళ్లూ అంతే. పాయసం కప్పులు కంచె దగ్గరికి రానివ్వద్దు. ప్రేమతో కూడా ఎవరూ ఏమీ పెట్టకూడదు. చిట్టి కడుపు నింపుకుని పరిగెత్తకూడదు, దాని భోజనం ఆట అయ్యాక కాసేపటికి.

కొత్త సభ్యుడు: మా గోల్డెన్ రిట్రీవర్ కుక్కకి ఏడు నెలలు, సోఫాలన్నీ దూకేస్తోంది. తీసుకురానా అండీ?

జవాబు: తప్పకుండా తీసుకురండి. కానీ ఎముకలు ఇంకా పెరుగుతున్న వయసు, హర్డిల్స్ వద్దు. అమెరికన్ కెనెల్ క్లబ్ పోటీల్లోకి కూడా 15 నెలలు నిండితేనే రానిస్తారు. చిట్టి పరుగు అయ్యాక టన్నెల్లో దూరనిద్దాం, నేల మీద పెట్టిన బార్లు దాటిద్దాం. పిల్లలు దగ్గరికొస్తే ముందు మిమ్మల్ని అడిగి, తర్వాతే ముట్టుకోవాలి.

పార్కు బుకింగ్ నుంచి: చెల్లెమ్మా, అనుమతి సోమవారం అడుగుతాను. కంచె మన స్టోరేజిలో ఉంది, గుంజలూ తాళ్లూ సరిచూసి చెప్తా. బార్లు పెట్టడానికి మా అబ్బాయిలిద్దరి పేర్లు రాసుకో.