సింఫనీ ఆర్కెస్ట్రాలో వయొలిన్: కడప నుంచి వెళ్లి బతకొచ్చా?

కడప నాన్న:
మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. చిన్నప్పటి నుంచి కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటోంది. ఇప్పుడేమో సింఫనీ ఆర్కెస్ట్రాలో, అంటే పాశ్చాత్య సంగీతం వాయించే పెద్ద వాద్యబృందంలో వాయిస్తానంటోంది. ఆ పనితో ఇల్లు గడుస్తుందా? ఇప్పటిదాకా నేర్చుకున్నది పనికొస్తుందా? తెలిసినవాళ్లు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

అనంతపురం వయొలిన్:
అన్నా, నాది అనంతపురం. ముంబైలో ఆర్కెస్ట్రా కచేరీలకు సెకండ్ వయొలిన్ (వయొలిన్ల రెండో జట్టులో) వాయిస్తాను. ముందు డబ్బు సంగతి. 2006లో ముంబైలో పెట్టిన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా లాంటివి మన దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నాలాంటివాళ్లం కచేరీకి ఇంతని తీసుకుంటూ, రికార్డింగులకు వెళ్తూ, పాఠాలు చెప్తూ నెట్టుకొస్తాం.

అమ్మాయికి శ్రుతి, తాళం ఉన్నాయి కాబట్టి సగం దారి వచ్చినట్టే. స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) చూసి అప్పటికప్పుడు వాయించడం మాత్రం మొదటి నుంచి నేర్చుకోవాలి. తీగల శ్రుతి వేరు. పాదం మీద ఆనించే వయొలిన్‌ను కుర్చీలో కూర్చుని గడ్డం కింద పట్టుకోవాలి. నన్ను బాగా ఏడిపించింది గమకం, అదే స్వరాన్ని ఊపే మన అలవాటు. పక్కన పదిమంది ఒకే స్వరం పట్టుకున్నప్పుడు మన వేలు జారకూడదు. కమాను కూడా అందరిదీ ఒకే వైపు కదలాలి. ఆడిషన్లలో చాలాచోట్ల తెర కట్టి, మోట్సార్ట్ కాన్చెర్టో (ఒక వాద్యం ముందుండి, ఆర్కెస్ట్రా తోడుగా సాగే రచన) ఒకటి వాయించమంటారు.

కర్నూలు సంగీతం టీచర్:
చెన్నైలో 2008లో ఏఆర్ రెహమాన్ పెట్టిన కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ అనే సంగీత కళాశాల ఉంది, కనుక్కోండి. లండన్ ట్రినిటీ కాలేజీ వాళ్ల గ్రేడ్ పరీక్షలు (సంగీతంలో మెట్టు మెట్టుగా రాసేవి) ఇప్పుడే మొదలుపెట్టించండి. పాత గురువుగారిని మాత్రం మానొద్దు సార్.

కడప నాన్న:
సంతోషం. ఇంకో మాట. ఇంత చదివి మన ఊళ్లకు దూరమైపోతుందేమో?

అనంతపురం వయొలిన్:
ఎందుకవుతుందన్నా? సెలవులకు వచ్చినప్పుడు మేం నలుగురం ఇక్కడి ప్రభుత్వ బడుల్లో వాయిస్తాం: రెండు వయొలిన్లు, వయోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్దది), చెల్లో (నేల మీద ఆనించి వాయించే పెద్ద తీగ వాద్యం). ముందు పిల్లలతో ఆది తాళం వేయిస్తాం. తర్వాత ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్‌లా ఒకరి చేతికి పుల్ల ఇచ్చి ఎదురుగా నిలబెడతాం. ఆ పిల్ల చెయ్యి తొందరగా ఊపితే తొందరగా వాయిస్తాం, ఆపితే ఆగిపోతాం. క్లాసులో నోరు విప్పని పిల్లలు కూడా ఆ పుల్ల పట్టుకున్నాక ఇంకొకరికి ఇవ్వరు! చెల్లో చెక్క మీద చెయ్యి పెట్టించి, మంద్ర స్వరం అదరడం తెలిసేలా చేస్తాం. నా ఉద్యోగంలో సగం ఇదేనని నేను లెక్కేసుకుంటాను. వేదిక మీద ఎంతమంది చప్పట్లు కొట్టినా నాకింత తృప్తి రాలేదు.

ఎండాకాలం సెలవుల్లో వస్తున్నాను. అమ్మాయిని వయొలిన్‌తో సహా అనంతపురం తీసుకురండి. కుర్చీలో కూర్చోబెట్టి, నొటేషన్ ముందుపెట్టి, ఇద్దరం కలిసి వాయించి చూస్తాం.