సమస్యాపూరణం: వేడి తగ్గువేళ భీతి పెరుగు

నిర్వాహకుడు: ఈసారి సమస్య ఆటవెలది నాలుగో పాదం.

వేడి తగ్గువేళ భీతి పెరుగు

జ్వరం తగ్గితే ఊరట కలగాలి గానీ భయమెందుకన్నది చిక్కు. పూరణ మాత్రం జ్వరం మీద వద్దు. ఇంట్లో బీరు కాచేవాళ్ళ తొలి టెన్షన్ మీద రాయండి: మరిగిన వర్ట్‌ని చల్లార్చడం. తెలియనివారికి, వర్ట్ అంటే మాల్టు బార్లీని (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని) వేడినీళ్ళలో నానబెట్టి వడకట్టిన తీపి రసం. హాప్స్ అనే చేదు పూలు వేసి మరిగిస్తారు. పులియబెట్టే ఈస్ట్ ఇంకా పడనిది.

నురగ:

గంటసేపు మరుగు కడవలోపల నెట్టి
క్రిమికి చోటు లేదు, కీడు లేదు;
మంట నార్పినంత మాల్టురసములోన
వేడి తగ్గువేళ భీతి పెరుగు

నిర్వాహకుడు: నడక బాగుంది. గ, క లకు యతి చెల్లింది. "ఎట్టి క్రిమికి" అన్నదే అతిశయం. కొన్ని బాక్టీరియాల బీజాణువులు మరుగుకి కూడా చావవు. పద్యం కాబట్టి వదిలేద్దాం. కానీ భీతి ఎందుకో చెప్పలేదు మీరు.

నురగ: నిజమే. 60 డిగ్రీల కిందికి దిగాక గాలిలోంచి పడిన క్రిమి చావదు, పైగా తీపి రసం దానికి విందు. అదంతా మూడు పాదాల్లో ఇమడలేదండీ.

తొలికాపు: మొదటి బీరు, మొదటి పద్యం, రెండూ ఒకే నెలలో. తప్పులుంటే చెప్పండి.

ఫ్రిజ్జులోన మంచు పెల్లుగా దెచ్చితి,
కడవలోన పోసి మురిసినాను;
పక్షమైన పిదప బానలో పులిసెను
వేడి తగ్గువేళ భీతి పెరుగు

పాతకాపు: రెండో పాదంలో యతి తప్పింది. "మూత తీసి పోసి మురిసినాను" అనండి; యతి కుదురుతుంది, నేరమూ బయటపడుతుంది! ఇక "పులిసెను" దగ్గర నవ్వొచ్చింది. ఈస్ట్ పడ్డాక ఏ బీరైనా పులవాల్సిందే కదా. మీ బాధ పులుపు. "బానలో పులుపెక్కె" అంటే గణమూ చెడదు. మంచు సంగతి: గడ్డకట్టినంత మాత్రాన క్రిములన్నీ చావవు. మంచు కడవ బయట ఉండాలి, తొట్టి నీళ్ళలో.

తొలికాపు: ఆ మంచు ట్రే పక్కనే చేపల పొట్లం ఉండేది, ఇప్పుడు గుర్తొస్తోంది. పదిహేను రోజులకి బాన మూత తీస్తే పైన తెల్లటి పొర, మీగడలా ముడతలు పడి ఉంది. వేలితో నాకి చూశాను. చూడకుండా ఉండాల్సింది.

పాతకాపు: నా పూరణ.

రాగిగొట్ట మొకటి రసములో మునిగించి,
చలువనీటి ధార జారుచుండ
త్వరగ దిగును వేడి; తాత్సార మొనరింప
వేడి తగ్గువేళ భీతి పెరుగు

నిర్వాహకుడు: "వేడి" వెంటవెంటనే రెండుసార్లు పడింది. "త్వరగ దిగుట మేలు" అంటే సరి. కొత్తవాళ్ళ కోసం ఒక మాట: ఆ గొట్టపు చుట్టను మరుగు ఆఖరి 15 నిమిషాలు ఉండగానే కడవలో వేస్తే అది కూడా శుద్ధవుతుంది. ఊరికే వదిలేస్తే చుట్ట చుట్టూ ఉన్న రసమే చల్లబడుతుంది, శుద్ధి చేసిన గరిటెతో తిప్పుతుండాలి. ఎంత తిప్పినా లోపల పారే నీటికన్నా చల్లగా మాత్రం కాదు.

నురగ: తొందరంతా క్రిముల వల్లేనా?

పాతకాపు: కాదండీ. మాల్టులోని ఒక పదార్థం వేడికి డైమిథైల్ సల్ఫైడ్‌గా మారుతూనే ఉంటుంది. మరుగుతున్నప్పుడు ఆవిరితో పోతుంది. మంట ఆపి, మూత పెట్టి అలాగే వదిలేస్తే రసంలోనే ఉండిపోయి ఉడికిన మొక్కజొన్న వాసన కొడుతుంది. త్వరగా చల్లార్చితే ప్రోటీన్లు కూడా పిసరుపిసరుగా విరిగి అడుక్కి చేరతాయి, బీరు తేటగా వస్తుంది.

తొలికాపు: ఇంకో ప్రయత్నం.

ఇరువదింటి దాక నీస్టును వేయకు,
వెచ్చ నుండ నదియు వేగి చచ్చు;
ఆగి చూడ గాలి నణుజీవు లాడును,
వేడి తగ్గువేళ భీతి పెరుగు

నిర్వాహకుడు: శభాష్! ముందు నుయ్యి, వెనక గొయ్యి. వేయడానికీ లేదు, ఆగడానికీ లేదు. భీతికి కారణం దొరికింది ఈ ఒక్క పూరణలోనే. ఇ, ఈ స్వరయతి కూడా చక్కగా పడింది. ఒక్క సవరణ: కాస్త వెచ్చగా ఉన్నంత మాత్రాన ఈస్ట్ చావదు, రుచి పాడవుతుందంతే. చచ్చేది 40 దాటిన వేడిలో. "కాగు రసమునందు కాలి చచ్చు" అనండి.

తొలికాపు: మార్చేశాను. నా రెండో కడవ ఇప్పుడు తొట్టిలోనే ఉంది, థర్మామీటర్ 34 చూపిస్తోంది. ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో ఫోను.

పాతకాపు: ఆ ఫోను కడవ మీద ఊగుతోందా? ముందు పక్కన పెట్టండి బాబూ!