అప్‌డేట్: ఆ హోరు ఇంజిన్‌ది కాదు, వీల్ బేరింగ్‌ది

కారు అరవై దాటగానే ముందు నుంచి హోరుమని శబ్దం వస్తోంది, ఇంజిన్ పోయిందా అని అడిగాను కదా. కారణం దొరికింది: వీల్ బేరింగ్, అంటే చక్రం సాఫీగా తిరగడానికి దాని మధ్యలో ఉండే భాగం.

మీరు చెప్పినట్టే ఖాళీ రోడ్డు మీద, ఇంజిన్ ఆపకుండా న్యూట్రల్‌లో వేసి చూశాను. ఆర్‌పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) పడిపోయినా హోరు తగ్గలేదు, బండి వేగం తగ్గేకొద్దీ మాత్రమే తగ్గింది. అంటే ఇంజిన్‌కి సంబంధం లేదు. స్టీరింగ్ కాస్త కుడికి తిప్పితే శబ్దం పెరిగింది. అప్పుడు బరువు ఎడమ చక్రం మీద పడుతుంది కాబట్టి అనుమానం అటే వెళ్లింది. మెకానిక్ జాకీ వేసి చక్రాన్ని చేత్తో తిప్పితే గరగరమంది. బేరింగ్ బాగా అరిగితే చక్రమే ఊగుతుందట, వెంటనే మార్పించేశాను. హోరు పూర్తిగా పోయింది.

మొదటి షెడ్‌లో ఇంజిన్ విప్పాలన్నారు. వద్దని గట్టిగా ఆపిన అందరికీ చాలా చాలా థ్యాంక్స్ అండి.